సర్వర్లు పెట్టిన వీడ్కోలు సభ

బోలెడు సర్వర్లకి ఒకేసారి పనులు పురమాయించే టూల్ యాన్సిబుల్. అందులో ఒక్కో పని చేసిపెట్టే రెడీమేడ్ ప్రోగ్రాములు, అంటే మాడ్యూళ్లు, వేలకొద్దీ దొరుకుతాయి. అయినా మా గచ్చిబౌలి టీమ్‌లో చేరిన ప్రతి కుర్రాడికీ సొంతంగా ఒకటి రాస్తే గానీ నిద్ర పట్టదు. ఈసారి వచ్చినవాడు మర్యాదస్తుడు కూడా. టీమ్‌లోకి ఎవరొచ్చినా చాట్‌లో స్వాగతం, ఎవరెళ్లినా వీడ్కోలు దానంతటదే పడేలా పైథాన్‌లో మాడ్యూల్ రాశాడు. స్టేట్ 'ప్రెజెంట్' అంటే స్వాగతం, 'ఆబ్సెంట్' అంటే వీడ్కోలు. కోడ్ ముచ్చటగా ఉంది. ఫైల్‌కి మాత్రం 'యూజర్' అని పేరు పెట్టి, ప్లేబుక్ (సర్వర్లు చేయాల్సిన పనుల జాబితా) పక్కనున్న లైబ్రరీ ఫోల్డర్‌లో పడేశాడు.

తాత పేరు మనవడికి పెడితే ఇంట్లో ఏ గొడవా ఉండదు. యాన్సిబుల్‌లో మాత్రం తాతని పిలిస్తే మనవడు పలుకుతాడు. లైనక్స్ అకౌంట్లు సృష్టించే, తీసేసే అసలు 'యూజర్' మాడ్యూల్ ఎప్పట్నుంచో ఉంది; అక్కడ 'ఆబ్సెంట్' అంటే అకౌంట్ తీసెయ్యమని. కానీ ఉత్త పొట్టి పేరు రాస్తే లైబ్రరీ ఫోల్డర్‌లో ఉన్నదే ముందు దొరుకుతుంది. పైగా మావాడి మాడ్యూల్ తీసుకునేది నేమ్, స్టేట్ రెండే. మా పాత ప్లేబుక్ ఇచ్చేదీ ఆ రెండే. ఇంక ఎర్రర్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

శుక్రవారం సాయంత్రం (ఆ వేళకి సర్వర్ల జోలికి వెళ్లడమే పాపం, అది వేరే కథ) ఆడిట్‌వాళ్లు అడిగారని వాడకంలో లేని అకౌంట్లు తీసేసే ప్లేబుక్ నడిపాం. అందులో మేనేజర్ సార్ పాత అకౌంట్ కూడా ఉంది. స్క్రీన్ నిండా పసుపు రంగులో 'చేంజ్డ్'. హమ్మయ్య అనుకుని బ్యాగులు సర్దుకుంటున్నాం.

చాట్ మోగడం మొదలైంది. "ఇన్నాళ్లూ మనతో కలిసి నడిచిన బ్యాకప్ గారికి కన్నీటి వీడ్కోలు." తర్వాత టెస్ట్‌యూజర్ గారికి. ఆ తర్వాత సార్‌కి. మాడ్యూల్ ఒక్కో సర్వర్‌లోకీ కాపీ అయి అక్కడే నడుస్తుంది కాబట్టి, 40 సర్వర్లూ ఎవరికి వారే సాగనంపాయి. అదీ ఐదేసి చొప్పున, ఒకేసారి ఎన్ని సర్వర్లలో నడపాలో చెప్పే ఫోర్క్స్ సెట్టింగ్ డిఫాల్ట్ 5 కదా!

బెంగళూరు టీమ్ "ఆల్ ది బెస్ట్ సార్, ఏ కంపెనీ?" అని అడిగింది. హెచ్ఆర్ ఆవిడ ఫోన్ చేసి "రిజిగ్నేషన్ లెటర్ మాకు రాలేదండీ" అంది. ఒకాయనైతే సార్ కుర్చీ తనకి కావాలని అప్పుడే రిజర్వ్ చేసుకున్నాడు.

"అన్నా, ఫార్మాటింగ్ మాత్రం బాగా వచ్చింది కదా!" అన్నాడు మా కుర్రాడు.

సార్ బయటికొచ్చి, "ఏంటయ్యా, నన్నడక్కుండానే పంపించేస్తున్నారా?" అన్నారు.

సోమవారం ఆ మాడ్యూల్‌కి వేరే పేరు పెట్టి టీమ్ కలెక్షన్‌లోకి (మా సొంత మాడ్యూళ్లు ఉండే ప్యాకేజీలోకి) మార్చాం. ప్లేబుక్‌లో 'యాన్సిబుల్ డాట్ బిల్టిన్ డాట్ యూజర్' అని ఇంటిపేరుతో సహా రాశాం. మళ్లీ నడిపితే ఈసారి అకౌంట్లు నిజంగానే పోయాయి. చాట్ చడీచప్పుడు లేదు.

మర్నాడు పొద్దున్నే సార్ మా సీట్ల దగ్గరికొచ్చారు. ఆ పాత అకౌంట్‌తోనే ఆయన రోజూ లాగిన్ అవుతున్నారట.

"నిజంగా తీసేసినప్పుడు ఒక్క మెసేజైనా పెట్టరేంటయ్యా?"