గాయాలు ఓడినవాళ్లకేనా?

2025 సెప్టెంబర్ 17న టోక్యోలో ప్రపంచ అథ్లెటిక్స్ పురుషుల 1500 మీటర్ల పరుగును పోర్చుగల్‌కు చెందిన ఇసాక్ నాదర్ గెలిచాడు. టైమింగ్ 3 నిమిషాల 34.10 సెకన్లు. రెండో స్థానంలో వచ్చిన బ్రిటన్ రన్నర్ జేక్ వైట్‌మన్‌కూ అతనికీ మధ్య తేడా 0.02 సెకన్లు. ఆఖరి మలుపు తిరిగేసరికి వైట్‌మన్ ముందున్నాడు. పసిడి అతనిదే అనిపించింది. వెనక నుంచి దూసుకొచ్చిన నాదర్ గీత దగ్గర ఛాతీ ముందుకు వంచి దాన్ని ఎగరేసుకుపోయాడు. ఇంత గొప్ప ఫైనల్ జరిగాక కూడా అభిమానుల నోట వేరే పేర్లే వినిపించాయి. నార్వే రన్నర్ జాకబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కు మడమ గాయం లేకపోతే ఏమయ్యేది? 2023 ఛాంపియన్, బ్రిటన్ రన్నర్ జోష్ కెర్‌కు రేసు మధ్యలో పిక్క పట్టెయ్యకపోతే? ఒలింపిక్ ఛాంపియన్, అమెరికా రన్నర్ కోల్ హాకర్‌ను సెమీఫైనల్లో అనర్హుడిగా ప్రకటించకపోతే?

ఈ లెక్కలు నాకు బొత్తిగా నచ్చవు. పోటీ రోజుకి ఒళ్లు సరిగ్గా ఉంచుకుని స్టార్టింగ్ గీత దగ్గరికి రావడం, మూడు రౌండ్లు తట్టుకోవడం, తోపులాటలో నిలబడటం, ఆఖరి 200 మీటర్లకి కాళ్లలో బలం మిగుల్చుకోవడం... ఇవన్నీ కలిస్తేనే ఛాంపియన్‌షిప్. ఇందులో ఒకదాన్ని తీసి పక్కన పెట్టి 'అసలు గొప్పవాడు ఫలానా' అనే హక్కు మనకు లేదు. ఓడినవాడి గాయాన్ని లెక్కలో వేసిన ప్రతిసారీ గెలిచినవాడి పతకానికి మనం కోత పెడుతున్నాం.

మధ్యదూర పరుగు గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ స్థాయి రన్నర్లలో చాలామంది వారానికి 100 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతారు. ఇంగెబ్రిగ్ట్‌సెన్ సోదరుల వల్ల పేరు తెచ్చుకున్న నార్వే పద్ధతినే చూడండి. ట్రాక్ మీద ఒక విడత పరుగు అవగానే చెవి తమ్మె నుంచో వేలి కొస నుంచో రక్తపు చుక్క తీసి చిన్న మీటర్‌లో పెడతారు. కష్టపడ్డ కండరాల నుంచి రక్తంలోకి చేరే లాక్టేట్ మోతాదు అనుకున్నదానికన్నా పెరిగితే వేగం తగ్గించమంటారు. కాళ్లలో ఇంకా సత్తా ఉన్నా సరే, ఆ రోజుకి అంతకుమించి వద్దు. ఎందుకు? కండరం అలసిపోయి దెబ్బ తినకుండా నెలల తరబడి సాధన సాగాలి కాబట్టి. అంటే గాయపడకుండా ఉండటం కూడా ఈ క్రీడలో నేర్చుకునే విద్యే, కోచ్ జీతం తీసుకునేదీ కొంతవరకు అందుకే. ఆ విద్యలో ఒక ఏడాది వెనకపడితే ఆ ఏడాది వెనకపడినట్టే.

ఇక జాకబ్ సంగతి. అతని ప్రతిభను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. 3000 మీటర్ల ప్రపంచ రికార్డు 7:17.55 అతనిదే. 2025 ఫిబ్రవరిలో లియెవాలో ఇండోర్ మైలు 3:45.14లో పరుగెత్తి ప్రపంచ రికార్డు కొట్టాడు. కానీ బయటి ట్రాక్ మీద ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1500 మీటర్ల పసిడి ఇప్పటిదాకా అతని మెడలో పడలేదు. 2022 యూజీన్‌లో వైట్‌మన్ 3:29.23తో గెలిచాడు, జాకబ్ 3:29.47. 2023 బుడాపెస్ట్‌లో కెర్ 3:29.38, జాకబ్ 3:29.65. రెండు రేసుల వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండింట్లోనూ జాకబ్ ముందుండి నడిపిస్తుంటాడు. రెండింట్లోనూ బ్రిటన్ రన్నర్ అతని భుజం పక్కనే కాచుకుని, ఇంకో 200 మీటర్లు ఉందనగా బయటి నుంచి దాటేస్తాడు. ఏడాది తేడాతో అదే ఎత్తుకు అదే మనిషి చిత్తయ్యాడు.

బుడాపెస్ట్ తర్వాత గొంతు బాగాలేదని, ఒంట్లో నలతగా ఉందని జాకబ్ చెప్పాడు. ఉండొచ్చు. నాలుగు రోజుల తర్వాత అదే ఊళ్లో 5000 మీటర్ల ఫైనల్లో మొహమ్మద్ కతీర్‌ను 0.14 సెకన్ల తేడాతో ఓడించి పసిడి గెలిచాడు. ఆ విజయాన్ని నలతలో పడి గెలిచాడని మెచ్చుకున్నవాళ్లే 1500 ఓటమికి అదే నలతను కారణంగా చూపించారు. రెండూ ఒకేసారి ఎలా నిలుస్తాయి? ఆ తర్వాత శీతాకాలం మడమ మీది అకిలీస్ టెండన్ ఇబ్బందితో జాకబ్ దూరంగా ఉన్నప్పుడు, 2024 ఫిబ్రవరిలో కెర్ రెండు మైళ్ల ఇండోర్ రికార్డు 8:00.67తో నెలకొల్పాడు. కళ్లకు గంతలు కట్టుకుని పరుగెత్తినా ఆ రేసులో కెర్‌ను ఓడించేవాణ్ణని జాకబ్ అన్నాడు. పరుగెత్తని రేసును గెలిచినట్టు చెప్పుకోవడం ఏ ఛాంపియన్‌కూ తగదు.

పారిస్ ఒలింపిక్స్‌లో అతను మరోలా కనిపించాడు, అందుకే ఆ రోజు అతని మీద నాకు గౌరవం పెరిగింది. మొదటి 400 మీటర్లు 55 సెకన్ల లోపే లాగేశాడు. వెనకవాళ్ల కిక్, అంటే ఆఖర్లో పెంచే వేగం, పనిచేయకుండా ముందే వాళ్ల ఊపిరి తీసెయ్యాలన్నది ఎత్తుగడ. ఆఖరి మలుపు దాటాక కెర్ బయటి నుంచి వచ్చాడు. జాకబ్ అతని వైపు కాస్త జరిగాడు. లోపలి గీత పక్కన మనిషి పట్టేంత సందు తెరుచుకుంది. అంతకు కొన్ని క్షణాల ముందు అదే సందులోకి రాబోయి దారి మూసుకుపోవడంతో ఆగిన హాకర్ ఈసారి వదల్లేదు. 3:27.65, ఒలింపిక్ రికార్డు. కెర్ రజతం, యారెడ్ నుగుసె కాంస్యం, జాకబ్ 3:28.24తో నాలుగు. ఆరంభంలో మరీ వేగంగా వెళ్లిపోయానని, తప్పు తనదేనని ఆ రోజు జాకబ్ ఒప్పుకున్నాడు. ఒంటి మీద నెపం పెట్టలేదు. కొద్ది రోజులకే 5000లో పసిడి తెచ్చుకున్నాడు.

ఏటా జరిగే డైమండ్ లీగ్ మీట్లలో ముందుండి వేగం చూపించి తప్పుకునే పేస్‌మేకర్లుంటారు, ట్రాక్ అంచున వెలిగే లైట్లు ఎంత వేగంలో వెళ్లాలో చూపిస్తాయి. అక్కడ టైమింగ్ కొట్టడం ఒక నైపుణ్యం. ఛాంపియన్‌షిప్‌లో లైట్లుండవు, దారి చూపేవాడుండడు, పన్నెండు పద్నాలుగు మంది మోచేతుల మధ్య నిర్ణయాలు తీసుకోవాలి. మొదటిదాన్లో మొనగాడైనవాడు రెండోదాన్లో ఓడినప్పుడు కారణం గాయంలోనే ఉండాలని అభిమానులు పట్టుబడతారు. ఎదుటివాడు ఆ రోజు బాగా పరుగెత్తాడన్న మాట వాళ్ల నోట రాదు.

గాయం అదృష్టానికి సంబంధించింది కాదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే. మన అవినాశ్ సాబ్లే 2025 జులైలో మొనాకోలో అడ్డంకులు దూకుతూ సాగే స్టీపుల్‌చేజ్ పరుగులో నీటి గుంట దగ్గర పడి మోకాలి లిగమెంట్ దెబ్బతీసుకున్నాడు. అందులో అతని తప్పేముంది? టోక్యో ఫైనల్లో కుంటుకుంటూ 4 నిమిషాల 11 సెకన్లకి చివరివాడిగా గీత దాటిన కెర్ తప్పు మాత్రం ఏముంది? వాళ్ల మీద జాలి పడదాం, ధైర్యానికి చప్పట్లు కొడదాం. అయితే దురదృష్టం ఓడినవాడి ఇంటికే వెళ్తుందని మాత్రం అనుకోవద్దు.

నాకు అన్నిటికన్నా పెద్ద వాదన ఇక్కడే ఉంది. గెలిచినవాళ్ల గాయాలు ఎవరికీ గుర్తుండవు. టోక్యో రజత విజేత వైట్‌మన్‌నే తీసుకోండి. 2022లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ రోజు స్టేడియంలో మైకు పట్టుకున్నది, కొడుకు గెలిచాడని ప్రకటించింది స్వయానా అతని తండ్రే. ఆ తర్వాత గాయాలతో 2023 ప్రపంచ పోటీలు పోయాయి, 2024 ఒలింపిక్స్ పోయాయి. మూడేళ్లకి తిరిగొచ్చి పసిడికి 0.02 సెకన్ల దూరంలో ఆగాడు. అతనికి లేని సాకు ఎవరికుంది?

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కెన్యా వీరుడు కిప్ కీనో పిత్తాశయం నొప్పితో 10,000 మీటర్ల పరుగులో ట్రాక్ పక్కన కూలబడ్డాడు. డాక్టర్లు వద్దన్నారు. 5000లో రజతం తెచ్చాడు. 1500 ఫైనల్లో అమెరికా ఆశాకిరణం జిమ్ రియన్‌ను 20 మీటర్ల దూరంలో వదిలేసి 3:34.91తో గెలిచాడు. సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తున్న ఊరు కాబట్టి కెన్యావాడికి కలిసొచ్చిందన్నారు అప్పట్లో చాలామంది. కీనో కడుపులోని నొప్పి ఆ లెక్కలోకి రాలేదు.

1984 లాస్ ఏంజెలెస్ సంగతి ఇంకా గట్టిది. సెబాస్టియన్ కో 1983లో టాక్సోప్లాస్మోసిస్ అనే పరాన్నజీవి ఇన్ఫెక్షన్‌తో ప్రపంచ పోటీలకే దూరమయ్యాడు. ఒలింపిక్ ఏడాదిలో పీటర్ ఇలియట్ చేతిలో 1500 ఓడిపోయినా అతన్నే జట్టులోకి తీసుకుంటే బ్రిటిష్ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఫైనల్లో 3:32.53తో ఒలింపిక్ రికార్డు కొట్టి, గీత దాటగానే ప్రెస్ బాక్స్ వైపు తిరిగి వేలు చూపించాడు కో. అదే రేసులో ఊపిరితిత్తుల ఇబ్బందితో స్టీవ్ ఒవెట్ మధ్యలోనే ఆగిపోయాడు, పిక్క గాయంతో సతమతమైన స్టీవ్ క్రామ్ రజతం తెచ్చుకున్నాడు. ముగ్గురు బ్రిటిషర్లు, ముగ్గురికీ ఏదో ఒకటి. వాళ్లలో ఒకడు గెలిచాడు. 'క్రామ్ పూర్తి ఫిట్‌గా ఉండి ఉంటే' అనేవాళ్లకి కో నెలల తరబడి జబ్బుతో పోరాడిన సంగతి ఎందుకు గుర్తుకు రాదు?

టోక్యో మహిళల 800 మీటర్లు చూస్తే నా కోపం అర్థమవుతుంది. ఒలింపిక్ ఛాంపియన్ కీలీ హాడ్కిన్సన్ తొడ కండరాల గాయాలతో ఏడాదికి పైగా పోటీలకు దూరమై, ఆగస్టులో తిరిగొచ్చి, 1:54.91తో కాంస్యం గెలిచింది. రజతం గెలిచిన జార్జియా హంటర్ బెల్ కన్నా 0.01 సెకన్ వెనక. వార్తలన్నీ ఆమె చుట్టూనే. పసిడి గెలిచిందెవరు? కెన్యాకు చెందిన లిలియన్ ఒడిరా, ఇద్దరు పిల్లల తల్లి. 1:54.62తో ఆమె చెరిపేసింది 1983 నుంచి యార్మిలా క్రాటోచ్విలోవా పేరు మీదున్న ఛాంపియన్‌షిప్ రికార్డును. 42 ఏళ్లు ఎవరూ తాకని రికార్డు! ఆ పరుగు గురించి తెలుగులో ఎన్ని వాక్యాలు వచ్చాయో వెతికి చూడండి.

పరాయి దేశాల అభిమానులను తప్పుపట్టి ఊరుకోలేను, ఈ జబ్బు మనకింకా ఎక్కువ. టోక్యోలోనే నీరజ్ చోప్రా 84.03 మీటర్లతో ఎనిమిదో స్థానంలో ఆగాడు. పోటీ అయ్యాక వెన్ను ఇబ్బంది సంగతి బయటపడింది. మన హెడ్డింగులన్నీ నీరజ్ వెన్ను మీదే. 88.16 మీటర్లతో గెలిచిన ట్రినిడాడ్ వీరుడు కెషోర్న్ వాల్కాట్ 19 ఏళ్లకే లండన్ ఒలింపిక్ పసిడి గెలిచినవాడు. 2016 రియో కాంస్యం తర్వాత తొమ్మిదేళ్లు ఒలింపిక్, ప్రపంచ పోటీల పతకాల పట్టికలో అతని పేరు లేదు. 32 ఏళ్లకి తిరిగొచ్చి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఎంత పెద్ద కథ! అంతెందుకు, 86.27 మీటర్లు విసిరి నాలుగో స్థానంలో నిలిచిన మన సచిన్ యాదవ్‌కే సగం కాలమ్ దక్కింది.

క్రికెట్‌లోనూ అంతే. 2023 నవంబర్ 19 రాత్రి అహ్మదాబాద్‌లో పిచ్ గురించి, టాస్ గురించి, మంచు గురించి మాట్లాడాం. 137 కొట్టిన ట్రావిస్ హెడ్ ఆ ప్రపంచకప్‌కు ఎడమ చెయ్యి విరిగి వచ్చాడు, మొదటి మ్యాచ్‌లు ఆడనేలేదు. తిరిగొచ్చిన రోజే న్యూజిలాండ్ మీద సెంచరీ కొట్టాడు. ఆ చెయ్యి విరిగిన సంగతి ఫైనల్ తర్వాత ఎంతమంది తల్చుకున్నారు? తర్వాతి ఏడాది హైదరాబాద్ జెర్సీ వేసుకుని ఉప్పల్‌లో బాదుతుంటే 'మన హెడ్' అని ఈలలు వేశాం. మనవాడు అయ్యాకే అతని గొప్పతనం కనిపించింది. ఒక హీరోను ఎంచుకోవడం, అతను ఓడితే ఎదుటి మనిషి తప్ప మిగతావన్నీ కారణాలుగా వెతకడం మన ఆటల అభిమానానికి పట్టిన పెద్ద లోపం. ఆట చూడటం మానేసి మనిషిని కాపాడుకునే పనిలో పడ్డాం.

దీనికి విరుగుడు ఉంది, కష్టమైనదేమీ కాదు. గాయం సంగతి రేసుకు ముందు చెప్తే అది సమాచారం. రేసు అయ్యాక చెప్తే ఎంత నిజమైనా సాకులాగే వినిపిస్తుంది. టోక్యోకి వచ్చేముందు జాకబ్ అకిలీస్ ఇబ్బంది అందరికీ తెలుసు. వేసవి అంతా ఒక్క రేసూ పరుగెత్తలేదు. 1500 తొలి రౌండ్ హీట్స్‌లోనే 3:37.84తో వెనుదిరిగినా, 5000 ఫైనల్లో పదో స్థానంలో వచ్చినా అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు. మన విశాఖ అమ్మాయి, హర్డిల్స్ రన్నర్ జ్యోతి యర్రాజీ కూడా 2025 జులైలో మోకాలి గాయం, ఆపరేషన్ సంగతి తనే ప్రకటించి టోక్యోకు దూరంగా ఉంది. ఎవరికీ అనుమానాలు లేవు, గుసగుసలు లేవు.

మన అథ్లెటిక్స్ సమాఖ్య ఇదే పద్ధతి జట్టు మొత్తానికీ పెట్టాలి. విమానం ఎక్కే ముందు ఒక పేజీ ఫిట్‌నెస్ ప్రకటన ఇస్తే చాలు. ఎవరు పూర్తి ఫిట్, ఎవరు నొప్పితో దిగుతున్నారు, ఎవరు ఎన్ని నెలల తర్వాత పోటీకి వస్తున్నారు, అంతే. ఎత్తుగడలు బయటపడతాయని భయపడేవాళ్లకి ఒకటే జవాబు. ఐరోపా మీట్లలో కలిసి తిరిగే ప్రత్యర్థులకు ఎవరి కాలు ఎలా ఉందో ఎప్పుడో తెలుసు, తెలియనిది మనకే. 2026 ఐచి-నగోయా ఆసియా క్రీడల నుంచే దీన్ని మొదలుపెట్టొచ్చు.