పెన్సిల్‌కి దొరికిన బగ్

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం తెలుసుగా, మనవాళ్లు బోలెడంత మంది ఉండే సియాటిల్, బెల్‌వ్యూ వైపు. అక్కడ 2002 నుంచి 2015 దాకా 3,200 మంది దాకా ఖైదీల్ని శిక్ష పూర్తికాకుండానే వదిలేశారు. ఎవరూ గోడ దూకలేదు. సాఫ్ట్‌వేర్ లెక్క తప్పింది.

బుద్ధిగా ఉన్న ఖైదీకి శిక్ష కొంత తగ్గిస్తారు, మన దగ్గర రెమిషన్ అంటామే, అలాంటిదే. ఆయుధం వాడినందుకు అదనంగా పడిన శిక్షకు మాత్రం ఆ తగ్గింపు లేదు. 2002లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో సంపాదించిన తగ్గింపును కూడా కలపడానికి ప్రోగ్రాం మార్చారు. ఆ మార్పులో అదనపు శిక్షకూ తగ్గింపు పడిపోయింది.

బగ్, అంటే ప్రోగ్రాంలో తప్పు, వచ్చినందుకు నాకు కోపం లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో బతుకుతున్నవాణ్ని, ఇంతకన్నా ఘోరమైనవి చూశాను. నా మంటంతా 2012 డిసెంబర్ గురించి. ఒక బాధితుడి కుటుంబం తామే తేదీలు లెక్కేసుకుని, 'మావాడి మీద దాడి చేసినవాడు ముందే బయటికొచ్చేస్తున్నాడు' అని జైళ్ల శాఖకు చెప్పింది. నిజమేనని శాఖకూ అర్థమైంది. అయినా ప్రభుత్వ లాయర్ సలహా ఏంటంటే, అందరివీ చేత్తో మళ్లీ లెక్కించక్కర్లేదు, ప్రోగ్రాం బాగుచేసేదాకా ఆగొచ్చని. ఆ బాగుచేయడం 16 సార్లు వాయిదా పడింది!

'నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం', అంటే సాఫ్ట్‌వేర్ తర్వాతి వెర్షన్‌లో సరిచేద్దాం అని నేనూ ఎన్నోసార్లు అన్నాను. మా దగ్గర అలా అంటే మహా అయితే క్లయింట్ అరుస్తాడు. అక్కడ ఒక్కో రిలీజ్ వాయిదా పడేకొద్దీ జైల్లోంచి ఇంకొందరు రిలీజ్.

దాదాపు సగం మందికి తేడా ఏడు వారాలలోపే, అంతేగా అంటారేమో. 2015 మేలో స్పోకేన్‌లో ఒక టీనేజ్ కుర్రాడు హత్యకు గురయ్యాడు. నవంబర్‌లో బెల్‌వ్యూలో కారు ప్రమాదంలో ఒకావిడ పోయింది. రెండు కేసుల్లోనూ నిందితులు ఆ రోజుకి లోపల ఉండాల్సినవాళ్లే.

డిసెంబర్‌లో గవర్నర్ ఇన్‌స్లీ సంగతి బయటపెట్టాడు. మూడేళ్లు కదలని ప్రోగ్రాం జనవరిలో సరైపోయింది! అప్పటిదాకా చేత్తో లెక్కించాకే ఖైదీల్ని వదలమన్నారు. అంటే చేత్తో లెక్కించడం వీలయ్యే పనే అన్నమాట.

ఇంకోటి. బయటికొచ్చి, ఉద్యోగం చూసుకుని, పిల్లలతో కుదురుకున్నవాళ్లలో కొందర్ని మిగిలిన రోజుల కోసం మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. గేటు తెరిచి పొమ్మంది మీరే కదయ్యా!