తాతకూ మనవడికీ మధ్య ఒక పని

మా మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉదయం ఎనిమిదింటికి తెరుస్తారు. తాళం తీసేసరికే మెట్ల మీద రెండు గుంపులు ఉంటాయి. పేపర్ కోసం వచ్చిన పెద్దవాళ్లు ఒక గుంపు: రిటైరైన టీచర్లు, ఆర్టీసీలో చేసినవాళ్లు, పొలం కౌలుకిచ్చి ఇంటిపట్టున ఉంటున్న రైతులు. గ్రూప్స్‌కో కానిస్టేబుల్ పరీక్షకో డీఎస్సీకో చదువుతున్న పిల్లలు రెండో గుంపు. లోపలికి వెళ్లాక పెద్దవాళ్లు కిటికీ పక్కనున్న పొడుగు బల్ల దగ్గర కూర్చుంటారు, పిల్లలు గోడవైపు కుర్చీలు పట్టుకుంటారు. మధ్యలో మహా అయితే పదడుగుల దూరం. ఏళ్లుగా చూస్తున్నాను. "ఫ్యాన్ కొంచెం తగ్గించు బాబూ" అన్న మాట తప్ప ఆ పదడుగులు దాటి ఇంకో మాట వెళ్లడం అరుదు.

ఆ పిల్లల పుస్తకాల్లో 1973 భూసంస్కరణల చట్టం ఒక బిట్టు ప్రశ్న. ఆ చట్టం వచ్చినప్పుడు ఊళ్లో ఎవరి భూమి ఎవరి పేరు మీదికి మారిందో, ఎవరిది మారకుండా ఉండిపోయిందో కళ్లారా చూసినవాళ్లు పదడుగుల అవతల పేపర్ తిరగేస్తుంటారు. ఆ పెద్దవాళ్ల జేబుల్లోని ఫోన్లకు బ్యాంకు పేరుతో మెసేజ్ వస్తుంది. అది నిజమో మోసమో తెలియక పొద్దంతా టెన్షన్ పడతారు. ఒక్క చూపులో చెప్పగలిగినవాళ్లు గోడవైపు కూర్చుని ఉంటారు.

ఈ రెండు గుంపులనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం సమాజానికి ఇప్పుడు చాలా అవసరమైన పని అని నేను నమ్ముతున్నాను. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లు 2022లో 14.9 కోట్లు, అంటే జనాభాలో 10.5 శాతం. 2050 నాటికి 34.7 కోట్లు, 20.8 శాతం అవుతారని అంచనా. తెలుగు రాష్ట్రాల్లో ఈ మార్పు ఇంకా ముందే వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పిన సంతానోత్పత్తి రేటు, అంటే ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇప్పటికే ఎన్ని ఊళ్లలో చూడడం లేదు, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు, గుమ్మంలో ఒక కుక్క.

అందుకే ఈ మధ్య "తరాల మధ్య వారధి" లాంటి పేర్లతో వర్క్‌షాప్‌లు పెడుతున్నారు. స్కూళ్లలో, కాలేజీ ఎన్ఎస్ఎస్ క్యాంపుల్లో, కాలనీ సంఘాల్లో జరుగుతున్నాయి. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం రెండు రకాలు. మొదటిదాంట్లో పిల్లలు పెద్దవాళ్లకు ఫోన్ నేర్పుతారు. రెండోదాంట్లో పెద్దవాళ్లు పిల్లలకు విలువలు నేర్పుతారు. రెండూ నాలుగో వారానికి ఆగిపోతాయి. ఎందుకు ఆగిపోతాయో కాస్త దగ్గరగా చూడాలి.

ఫోన్ క్లాసులో ఏం జరుగుతుందంటే, పెద్దాయన వణికే వేలితో బొమ్మ మీద నొక్కుతాడు. గట్టిగా నొక్కడంతో అది విడిపోయి ఇంకెక్కడికో పోతుంది. పక్కన కూర్చున్న కుర్రాడు మొదటిసారి ఓపిగ్గా చెప్తాడు. రెండోసారి చెప్తాడు. మూడోసారి "తాతా, ఇలా ఇవ్వు" అని ఫోన్ లాక్కుని రెండు సెకన్లలో పని చేసేసి చేతిలో పెడతాడు. మన ఇళ్లలో రోజూ వినిపించే మాటే ఇది. కుర్రాడిది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ ఆ "ఇలా ఇవ్వు"తో పెద్దాయన నేర్చుకోవడం అక్కడితో అయిపోతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన మనసులో మిగిలేది ఒక్కటే, తనకిక రాదు అని.

విలువల క్లాసులో దీనికి తిరగేసి జరుగుతుంది. మైకు పెద్దాయన చేతికి వస్తుంది. "మా రోజుల్లో" అని మొదలవుతుంది. నలభై నిమిషాలు గడుస్తాయి. పిల్లలు వినరని కాదు, వాళ్లు చేయడానికి అక్కడ ఏమీ ఉండదు. మాట ఒకవైపే నడిచినచోట వినేవాడికి నిద్రే వస్తుంది, వాడి వయసు ఎంతైనా.

ఇద్దరికీ మధ్య ఒక పని ఉండాలి. ఆ పని ఇద్దరిలో ఏ ఒక్కరి వల్లా పూర్తి కాకూడదు. ఏళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఇంతే.

మా గ్రంథాలయంలో ఒక సెలవు రోజు సాయంత్రం మేం పెట్టుకున్న పని పాత భూమి కాగితాలు చదవడం. మాకు ఇది వెతికి పట్టుకున్న ఆలోచనేమీ కాదు. ఒక రైతు తన కాగితాలు సంచిలో వేసుకుని వచ్చి, ఆన్‌లైన్‌లో తన సర్వే నంబర్ కనిపించడం లేదని పేపర్ బల్ల దగ్గర గోడు వెళ్లబోసుకుంటే, వెనక కుర్చీలోని ఒక అమ్మాయి లేచి వచ్చింది. తెలంగాణలో భూమి రికార్డులు 2020 అక్టోబర్‌లో ధరణి పోర్టల్‌లోకి, 2025 ఏప్రిల్‌లో భూభారతి పోర్టల్‌లోకి వెళ్లాయి. పోర్టల్ తెరవడం, జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబర్ ఎంచుకోవడం ఆ అమ్మాయికి క్షణంలో పని. కానీ ఆయన సంచిలోంచి తీసిన పహాణీ (ఏ పొలం ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు) నకలు చూసి తను ఆగిపోయింది. "తరి" అంటే ఏంటి? "ఖుష్కి" అంటే ఏంటి? పట్టాదారు పేరు ఒకటి, అనుభవదారు పేరు ఇంకొకటి ఎందుకుంది? పాత మూల రికార్డైన 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరుందో కనుక్కొమ్మని ఆఫీసులో ఎందుకన్నారు?

ఆయన చెప్పాడు. తరి అంటే నీటి వసతి ఉన్న భూమి, ఖుష్కి అంటే వానమీద ఆధారపడే మెట్ట. శిఖం అంటే చెరువు నిండితే మునిగే భూమి, అక్కడ ఇల్లు కట్టుకోకూడదు. సాదాబైనామా అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం. పట్టాదారు కాగితం మీద యజమాని, అనుభవదారు నాగలి పట్టినవాడు. ఆ రెండు గడుల మధ్యే ఊళ్లో తగాదాలన్నీ ఉన్నాయని ఆయన వేలు పెట్టి చూపించాడు. హద్దులు చదవకుండానే చెప్పాడు. తూర్పున బండ్ల బాట, పడమర కుంట కట్ట, దక్షిణాన చింతచెట్టు. చింతచెట్టు కొట్టేసి చాలా ఏళ్లయిందట. ఆ అమ్మాయి ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి కుంట కట్ట వెతికింది. తన పొలాన్ని పైనుంచి చూడటం ఆయనకు అదే మొదటిసారి. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇగో బిడ్డా, ఇక్కడుండె చెట్టు" అని తెర మీద వేలు పెట్టాడు. ఆ వేలు ఈసారి వణకలేదు.

ఫోన్ నేర్పుతున్నామని ఆ సాయంత్రం ఎవరూ అనలేదు, చరిత్ర చెప్తున్నామనీ అనలేదు. గంటన్నరలో రెండూ జరిగాయి.

ఇది మనకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊళ్లో కాస్త చదువుకున్న యువకులే వాలంటీర్లు, కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు విద్యార్థులు, రాత్రి లాంతరు వెలుగులో క్లాసులు. వాచకంలో ఊరి ఆడవాళ్లు కలిసి సారాను అడ్డుకున్న పాఠం ఒకటి ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటూ అది చదివిన ఆడవాళ్లు, పాఠం ముగించి పడుకోలేదు, తమ ఇళ్లలో జరుగుతున్నది మాట్లాడుకున్నారు. కలిగిరి మండలంలోని దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా అమ్మకాన్ని రాష్ట్రంలో నిషేధించారు. అక్కడ అక్షరం కుర్రాళ్లు తెచ్చారు, బతుకు ఆడవాళ్లు తెచ్చారు. మధ్యలో ఉన్నది సారా కొట్టు.

ఇంకో ఉదాహరణ మా వైపుదే. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం అందరికీ తెలుసు. ఇక్కత్ చీరకు ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో గుచ్చిన పుల్లల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడించాలి. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మి భుజాలు నొప్పులతో అల్లాడుతుంటే చూసి, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆయన యంత్రం తయారుచేశారు. ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ చెప్పినప్పుడల్లా కొడుకు పట్టుదల గురించే చెప్తాం. నాకు తల్లి చెయ్యి కూడా కనిపిస్తుంది. దారం ఎక్కడ బిగుతుగా ఉండాలో, ఎక్కడ వదలాలో ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ లేదు, ఆ చేతిలో ఉంది. కొడుకు దాన్ని అన్నేళ్లు దగ్గర కూర్చుని చూశాడు.

ప్రభుత్వ పథకాలు ఈ కలయికను పట్టించుకున్నాయా అంటే, అడ్డం పడిన సందర్భమే ముందు గుర్తొస్తుంది. 2017లో కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ లక్ష్యం 6 కోట్ల గ్రామీణ కుటుంబాలు, ఇంటికొకరు. అర్హత వయసు 14 నుంచి 60 ఏళ్లు. అరవై దాటిన మనిషికి అందులో చోటే లేకపోయింది. పింఛను, రేషన్, బ్యాంకు, భూమి రికార్డు, పింఛనుదారు బతికే ఉన్నాడన్న సర్టిఫికెట్ సహా అన్నీ వేలిముద్రకూ ఫోన్‌కూ మారుతున్న రోజుల్లోనే ఆ గీత గీశారు. అది చిన్న పొరపాటని నేను అనుకోను. ఇంట్లో ఒక్కరికి వస్తే చాలు, మిగతావాళ్లకు వాళ్లే చేసిపెడతారు అన్న ఆలోచన దాని వెనక ఉంది. "ఇలా ఇవ్వు" అన్న మాటే పథకం రూపంలో వచ్చింది.

జాతీయ విద్యా విధానం 2020లో మాత్రం ఒక మంచి మాట ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఏదో ఒక దశలో పది రోజులు బ్యాగు లేని బడి ఉండాలి, ఆ రోజుల్లో ఊళ్లోని వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలి అని. కానీ కుమ్మరి సారెను స్టేజీ మీద తిప్పించి పిల్లలతో చప్పట్లు కొట్టిస్తే అది పని నేర్చుకోవడం కాదు. బడి తోటకు కావాల్సిన కుండీలు ఆయనతో కలిసి పిల్లలే చెయ్యాలి, రెండు పగలాలి, మూడోది నిలబడాలి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల విత్తనాలను దాచి, పంచి, ఏటా బండ్ల మీద ఊరూరా జాతరగా తిప్పడం చూసినవాళ్లకు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. కొర్ర గింజ పిల్లవాడి అరచేతిలో పడాలి, ఎప్పుడు చల్లాలో ఆ చేతికి చెప్పే అవ్వ పక్కనే ఉండాలి.

వర్క్‌షాప్ పెట్టాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు చెప్పాలి. స్టేజీ వద్దు. జ్యోతి వెలిగించడం, ముఖ్య అతిథి, శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోలతో రెండు గంటల్లో గంటంబావు పోతుంది, మిగిలిన కాసేపట్లో ఎవరూ ఏమీ నేర్చుకోరు. పెద్దవాళ్లను సన్మానించి పంపేస్తే వాళ్లు మళ్లీ రావాల్సిన పనేమీ ఉండదు. గుండ్రంగా కూర్చోవాలి, ఒకరికి ఒకరు చొప్పున జతలు కట్టాలి, నాలుగు వారాలు అదే జత ఉండాలి. మధ్యాహ్నం కునుకు తీసి లేచే వేళకు, అంటే నాలుగు తర్వాత మొదలుపెట్టి, చీకటి పడకముందే ముగించాలి. వెన్ను ఆనుకునే కుర్చీ, దగ్గర్లో బాత్‌రూమ్, ఆటో చార్జీ ఉండాలి. వీటిని చిన్నవిషయాలంటారు కానీ, ఆడవాళ్లు రావడం మానేసేది వీటి దగ్గరే. పిల్లలకు ఒకే షరతు: ఫోన్ ముట్టుకోకూడదు, మాటతోనే చెప్పాలి. పెద్దవాళ్లకూ ఒకే షరతు: ముందు అడిగినదానికి జవాబు, కథ ఆ తర్వాత.

ఇంకో విషయం మాట్లాడటానికి చాలామంది ఇష్టపడరు. మనదగ్గర పెద్దవాళ్లు కుర్రాడిని చూడగానే వేసే మొదటి ప్రశ్న "ఏ ఊరు, ఎవరబ్బాయివి?" అని. ఎక్కువమందికి అది ప్రేమతో వచ్చే ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న రెండో అడుగులో కులం దగ్గరికి చేరుతుందని అడిగేవాడికీ తెలుసు, జవాబు చెప్పేవాడికి ఇంకా బాగా తెలుసు. ఆ ప్రశ్నతో ముడుచుకుపోయి మరుసటి వారం రాని పిల్లల్ని నేను చూశాను. అలాగే "పెద్దలు" అనగానే మనకు గుర్తొచ్చేది రిటైరైన హెడ్మాస్టరు, రిటైరైన తహసీల్దారు. వందల కాన్పులు చేసిన మంత్రసాని, చెప్పు కుట్టే ఆయన, చెరువు తూము తీసే నీరటి పెద్దలుగా గుర్తుకురారు. పిలిచినా వెనక వరుసలో కూర్చుంటారు. వయసుల మధ్య దూరం తగ్గిస్తున్నామని చెప్పి, ఈ పాత దూరాన్ని అలాగే ఉంచితే ఆ వర్క్‌షాప్‌కు వచ్చేది సగం ఊరే. జతలు కట్టేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి, ఊరూపేరూ అడిగే కార్యక్రమం లేకుండా నేరుగా పనిలోకి దిగాలి. మంత్రసాని దగ్గర కూర్చోవాల్సింది ఏఎన్ఎం కోర్సు చదివే అమ్మాయి. నీరటి దగ్గర కూర్చోవాల్సింది ఇరిగేషన్ ఉద్యోగానికి ప్రిపేరవుతున్న అబ్బాయి.

చోటు ఎక్కడ అని అడిగితే నా జవాబు గ్రంథాలయమే. ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ డబ్బు స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు సమయానికి చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. అది చేరాలి, అందులో కొంత ఈ పనికి కేటాయించాలి. వారంలో ఒక్క సాయంత్రం, ఒక హాలు, పది కుర్చీలు, మంచి వెలుతురు, వైఫై చాలు. కొత్త భవనం అడగడం లేదు.

మా దగ్గర ఇప్పుడు పొడుగు బల్లకు ఒకవైపు రెండు కుర్చీలు అదనంగా పడ్డాయి. భూమి కాగితాల రైతు కిందటివారం తన పెద్దమ్మను తీసుకొచ్చాడు. ఆమెకు తొంభైకి దగ్గర, కళ్లు సరిగ్గా కనిపించవు, ఫోన్ అక్కర్లేదు. ఊళ్లో ప్రతి చెలకకూ ఉన్న పాత పేర్లు ఆమెకు తెలుసు. ఏ కాగితంలోనూ అవి లేవు. ఆమె చెప్తుంటే ఆ అమ్మాయి గ్రూప్-2 నోట్సు వెనక పేజీలు తిప్పి, ఒక్కో పేరు పక్కన సర్వే నంబర్ రాసుకుంటోంది. ముప్పై ఒకటి అయ్యాయి, ఇంకా ఉన్నాయట.