వేలిముద్రే, కానీ పొడిని బట్టి మారుతుంది

ఖనిజాలను గుర్తించడం గురించి మీరు వేసిన వ్యాసంలో ‘ప్రతి ఖనిజానికీ పరారుణ వర్ణపటం వేలిముద్ర లాంటిది’ అని రాశారు. పరారుణ వర్ణపటం అంటే, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కాంతిని ఖనిజం ఎంత పరావర్తనం చేస్తుందో, ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫు. పోలిక బాగుంది కానీ అది సగమే నిజం. ఇసుకలో ఎక్కువగా ఉండే ఖనిజం క్వార్ట్జ్‌నే చూడండి. ముతక రేణువులైతే 8 నుంచి 9.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) తరంగదైర్ఘ్యాల మధ్య కాంతిని బలంగా పరావర్తనం చేసి, పెద్ద శిఖరాలు చూపిస్తుంది. అదే రాయిని మైదాపిండిలా నూరితే ఆ శిఖరాలు కుంగిపోతాయి. 10 మైక్రాన్లు దాటాక, క్వార్ట్జ్ కాస్త పారదర్శకంగా ఉండే చోట, కొత్త గుబ్బ లేస్తుంది. కాంతి రేణువుల్లోంచి దూరి, చెదిరి బయటికి రావడమే కారణం. ఆ పొడినే గట్టిగా అదిమితే ఖాళీలు తగ్గి, రాయి పోలికలు కొంత తిరిగొస్తాయి.

ఎమ్మెస్సీలో వర్ణపటం తీయడానికి నమూనాని పొటాషియం బ్రోమైడ్ ఉప్పుతో కలిపి, అదిమి బిళ్ల చేసేటప్పుడు నేను నూరడానికి బద్ధకించాను. గ్రాఫులో పట్టీలన్నీ ఒక పక్కకి వాలిపోయాయి! మా సార్ ఏమీ అనలేదు, మళ్లీ నూరే కల్వం చేతికిచ్చారు.

అయితే ఇది ఇబ్బంది మాత్రమే కాదు. అంగారకుడి మెరిడియాని మైదానంలో ఉన్నది ఎర్రటి సన్నని దుమ్ము కాదు, ముతక బూడిదరంగు హెమటైట్ (ఇనుప ఆక్సైడ్ ఖనిజం) అని కక్ష్య నుంచే చెప్పగలిగింది ఈ తేడా వల్లే. 2004లో నాసా రోవర్ ఆపర్చునిటీ దిగి చూస్తే అక్కడ హెమటైట్ గోళీలు దొరికాయి. వ్యాసంలో ఈ ముక్క కూడా చేర్చాల్సింది.