ప్రపంచ జ్ఞానమూ, ఒక బట్ట ఏనుగూ

దేశాటనం చేస్తే జ్ఞానం వస్తుందని పెద్దలు చెప్పి ఊరుకున్నారు. పిల్లల్ని వెంటబెట్టుకుని చేస్తే అది ఎవరికి వస్తుందో చెప్పలేదు. ఇంత ముఖ్యమైన లోటును ఇన్నాళ్ళూ ఎవరూ పూడ్చకపోవడం విచారకరం. ఇద్దరు పిల్లలతో మూడు నెలలు యూరప్ తిరిగొచ్చిన అర్హతతో ఆ భారం నేను నెత్తికెత్తుకుంటున్నాను.

ముందుగా ఉద్దేశం స్పష్టం చేయాలి. ఈ ప్రయాణం పిల్లల కోసం. మా కోసం కానే కాదు. అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పాం. "మాదేముందండీ, వాళ్ళ కళ్ళు తెరుచుకోవాలని" అనేటప్పుడు గొంతులో కాస్త త్యాగం పలకాలి. మా ఆవిడకు అది మొదటిసారికే కుదిరింది, నాకు రెండు వారాల సాధన పట్టింది. దీనికి ఈమధ్య వరల్డ్ స్కూలింగ్ అనే పేరు కూడా వచ్చింది. బడి ఎగ్గొట్టడానికి ఇంత గౌరవప్రదమైన పేరు మా చిన్నప్పుడు లేకపోయింది, మా తరం దురదృష్టం. చూడాల్సిన వాటి జాబితా 41 వరసలైంది. అందులో పిల్లలు అడిగినది ఒక్కటీ లేదు. (వాళ్ళడిగింది ఈతకొలను. విద్యేతర అంశమని కొట్టేశాం.)

చదువు పాస్‌పోర్టు ఫోటో దగ్గరే మొదలైంది. కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, నవ్వకూడదు, చేతిలో బొమ్మ కనిపించకూడదు. ఇలాంటి ప్రమాణాలు పెట్టేది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ. 1944లో, అంత యుద్ధం నడుస్తుండగా, షికాగోలో 52 దేశాలు సంతకాలు చేసిన ఒప్పందం నుంచి పుట్టింది. 52 దేశాలను ఒక మాట మీదికి తెచ్చినవాళ్ళకు నాలుగేళ్ళవాణ్ణి స్టూలు మీద నోరు మూయించి కూర్చోబెట్టడం ఒక లెక్కా అనిపించి ఉంటుంది. మావాడు తన బట్ట ఏనుగును వదలనన్నాడు. దాన్ని లాక్కున్నాక నోరు మూయనన్నాడు. గంట తర్వాత దిగిన ఫోటోలో సాక్ష్యాలు చాలక విడుదలైన నిందితుడిలా ఉన్నాడు. నియమాలకు అక్షరాలా సరిపోయింది.

ఇక రోజుల లెక్క. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో దేశాలు 29. ఏ 180 రోజులు తీసుకున్నా, అన్నిటిలో కలిపి 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజూ లెక్కే, ఎక్కిన రోజూ లెక్కే. నేను జాగ్రత్తపరుణ్ణి కాబట్టి 89వ రోజున తిరుగు టికెట్లు కొన్నాను. "ఇంకో రోజు మిగిలింది కదా నాన్నా, దాన్నేం చేద్దాం?" అంది పదేళ్ళ మా పెద్దమ్మాయి. ముందుచూపు అంటే ఏమిటో ఆమెకు అరగంట బోధించాను. తనకు అర్థమైందనుకుని నేనూ, నేను ఆపితే చాలనుకుని తనూ తలలూపాం.

విమానాశ్రయంలో చెప్పుకోదగ్గది ఒక్కటే. 2025 అక్టోబరు నుంచి ఆ దేశాల సరిహద్దుల్లో, దశలవారీగా, బయటివాళ్ళ ఫోటో, వేలిముద్రలు కంప్యూటర్‌కెక్కిస్తున్నారు. 12 ఏళ్ళలోపు పిల్లలకు వేలిముద్రల మినహాయింపు ఉంది. అవసరం కూడా లేదు. మావాడి పది వేళ్ళ గుర్తులూ అప్పటికే ఆ అధికారి అద్దం మీద ఉన్నాయి.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 18 ఏళ్ళలోపువాళ్ళకు ప్రవేశం ఉచితం. ఉచితంగా వచ్చినవాళ్ళే ముందు బయటికి పోదామన్నారు. టికెట్ కొన్నవాళ్ళం కాబట్టి మేమిద్దరం కళాభిమానాన్ని నిలబెట్టుకున్నాం. మోనాలిసా బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. దాని ముందు జనం, జనం పైన ఎత్తిన ఫోన్లు. మావాడి ఎత్తు నుంచి కనిపించింది ముందున్నాయన బెల్టు. కాసేపు దాన్ని చూసి, ఇటు తిరిగాడు. ఎదురు గోడంతా వెరొనీస్ వేసిన పెళ్ళివిందు. 1563 నాటిది, దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆ మ్యూజియం మొత్తానికీ పెద్ద చిత్రం. దాని మధ్యలో కుక్కలున్నాయి. "కుక్కలు!" అని నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. గదిలో ఆ బొమ్మకు వీపు పెట్టనివాడు వాడొక్కడే. తండ్రిగా చూస్తూ ఊరుకోలేను కదా. చెయ్యి పట్టి లేపి, "అటు కాదురా, గొప్పది ఇటుంది" అని మళ్ళీ బెల్టు వైపు తిప్పాను.

వెనిస్‌లో కార్లు తిరగవు కాబట్టి పిల్లలతో నిశ్చింత అని మా ఆవిడ ఎక్కడో చదివింది. నిజమే, తిరగవు. 400కు పైగా వంతెనలు మాత్రం ఉన్నాయి. వంతెనకు ఎక్కే మెట్లూ, దిగే మెట్లూ ఉన్నాయి. స్ట్రాలర్‌కు చక్రాలున్నాయి, కాళ్ళు లేవు. కాబట్టి ముందు నేను, వెనక మా ఆవిడ, మధ్యలో ఏనుగును హత్తుకుని సార్వభౌముడు. పల్లకీ మోసేవాళ్ళ గురించి నేను చదివిందంతా ఆ నాలుగు రోజుల్లో భుజానికెక్కింది. మెట్ల కింద "దిగి నడవరా" అంటే నిద్ర. పైకి చేరగానే మెలకువ, "నేనే దిగుతా" అని పట్టుదల. అవతలివైపు దిగేసరికి మళ్ళీ నిద్ర. మూడో రోజు వాన మొదలైంది, గోరుచుట్టు మీద రోకటిపోటు. వంతెన మీద ఆగి ఫోటో తీసుకుంటున్న కొత్త జంట మావైపు చూసి ఒకరి చెయ్యి ఒకరు వదిలేసుకున్నారు. వాళ్ళ భవిష్యత్తుకు మేం చేసిన సేవ ఏ జాబితాలోనూ లేదు.

పీసాలో గోపురం 1173లో మొదలుపెట్టారు. మూడో అంతస్తుకొచ్చేసరికే ఒరగడం మొదలైంది, కింద నేల మెత్తన. అయినా మధ్యమధ్య యుద్ధాలకు ఆగుతూ దాదాపు 200 ఏళ్ళు కట్టుకుంటూనే పోయారు. ఆ మేస్త్రీల మీద నాకు సోదరభావం కలిగింది. మా ప్రయాణమూ మూడో రోజుకే ఒరిగింది, మేమూ జాబితా చేత్తో పట్టుకుని ముందుకే పోయాం. 8 ఏళ్ళు నిండని పిల్లల్ని గోపురం ఎక్కనివ్వరు. తల్లీకూతుళ్ళు పైకెళ్ళారు, నేనూ వాడూ కింద. చుట్టూ అందరూ గోపురాన్ని నిలబెడుతున్నట్టు చేతులు చాచి ఫోటోలు దిగుతున్నారు. మావాడూ చాచాడు. ఫోటో అయిపోయింది, చేతులు దించలేదు.

"దించితే పడిపోతుంది. అమ్మ పైనుంది."

నలభై నిమిషాలు అలాగే నిలబడ్డాడు. ఆ పూట బడిలో నేర్పాల్సింది ఏమీ నాకు తోచలేదు. ఏనుగు నా చేతిలో ఉంది.

విద్యా ఫలితాల విషయానికొస్తే, అమ్మాయి చేత రోజూ డైరీ రాయించాం. రోమ్ నగర శిల్పం మీద ఒక పేజీ ఉంటుందని ఆశించాను. "లిఫ్టులో కింది అంతస్తు పేరు 0. దాని కింద –1, –2 ఉన్నాయి. నేను –2 నుంచి 3కి వెళ్ళాను, 5 అంతస్తులు" అని ఉంది. రుణ సంఖ్యలు ఆమెకు ఎక్కడం లేదని ఏడాదిగా ఇంట్లో గొడవ. అది తీర్చింది మైకెలాంజెలో కాదు, ఆరో నంబరు గది పక్కనున్న లిఫ్టు. ఈ విషయం బయటికి పొక్కితే 41 వరసల జాబితా విలువ ఏమవుతుందని ఆ పేజీని ఎవరికీ చూపించలేదు.

88వ రోజు రాత్రి రోమ్‌లో పెట్టెలు సర్దుతుంటే ఏనుగు లేదని తేలింది. పోలేదట. అంతకుముందు మేం దిగిన ఫ్లోరెన్స్ బసలో, మంచం కింద, వీడే పెట్టి వచ్చాడు. పీసా దగ్గరే కదా, గోపురాన్ని పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి.

"మరి ఇప్పుడెందుకు కావాలిరా?"

"దానికి డ్యూటీ అయిపోయింది."

మా ఆవిడ నావైపు చూసింది. "ఏమండీ, ఒక రోజు మిగిలిందన్నారు కదా" అంది. టికెట్లు 90వ రోజుకు మార్చుకున్నాం. 89వ రోజు నేనూ వాడూ గంటన్నర రైల్లో ఫ్లోరెన్స్ వెళ్ళాం. మొదటిసారి సోమవారం కావడంతో అకాడెమియా గ్యాలరీ మూసి ఉండి, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని చూడలేదు. ఈసారి తలుపులు తెరిచే ఉన్నాయి. మంచం కింద దూరడానికే సరిపోయింది.

మర్నాడు సరిహద్దు అధికారి తెర మీద లెక్క చూసి, కనుబొమ్మలెత్తి, మా నలుగురినీ ఒక్కొక్కరినే పరీక్షగా చూశాడు. తన వంతు రాగానే మావాడు ఏనుగును కెమెరా ముందుకెత్తాడు. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు మూసే ఉంది.