మూడో దారి పెట్టి చిక్కుముడిని చంపేశారు

డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ (2009) అనే వీడియో గేమ్‌లో రెడ్‌క్లిఫ్ కోట ఘట్టం తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కానర్ అనే పిల్లాడికి దయ్యం పట్టింది. వాణ్ణి చంపాలి, లేదా వాళ్ళమ్మ ఇసోల్డ్ ప్రాణాన్ని రక్తమంత్రానికి బలివ్వాలి. గుండె పిండేసే చిక్కు! దాన్ని పాడుచేస్తూ మూడో దారి పెట్టారు: మాంత్రికుల సాయం తెచ్చుకోవడం. సరస్సు దాటి, వాళ్ళ టవర్‌లో గంటలకొద్దీ పోరాడి, తీరిగ్గా తిరిగొచ్చినా కోటలో ఒక్క ప్రాణం పోదు. దయ్యం అంతసేపూ మనకోసం ఎదురుచూస్తుంది! అదే ఆటలో, శవసైన్యం రాత్రి దాడికి ముందు రెడ్‌క్లిఫ్ ఊరిని వదిలి వెళ్ళిపోతే ఊరు తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తెగువ ఇక్కడెందుకు లేదు? వెళ్ళి వచ్చేలోపు ఇద్దరు ముగ్గురు పోయినా ఆ దారికి ఒక వెల ఉండేది.

మన ఎంపిక నచ్చక సహచరులకు (ఆటలో మన వెంట నడిచే పాత్రలకు) కోపమొస్తే, కానుకలిచ్చి వాళ్ళ దగ్గర మన మార్కులు పెంచుకోవచ్చు, అది మరీ అన్యాయం.

ది విచర్ 3 (2015) అనే మరో గేమ్‌లో చెట్టు కింద బందీ అయిన ఆత్మను వదిలితే అనాథ పిల్లలు బతుకుతారు, డౌన్‌వారెన్ ఊరు నాశనమవుతుంది, ఆ ప్రాంతాన్ని ఏలే బ్యారన్ ఉరేసుకుంటాడు. ఆత్మను చంపితే పిల్లలు దక్కరు. ఫలితం ఆలస్యంగా బయటపడుతుంది కనుక వెంటనే పాత సేవ్ (ముందు దాచుకున్న ఆట) లోడ్ చేసి తప్పించుకోలేం. ఎంపిక అంటే అలా ఉండాలి.