నొప్పి ఉన్నవారు పాటించవలసిన మర్యాదలు

3 నెలలు దాటినా తగ్గనిది దీర్ఘకాలిక నొప్పి అని వైద్యులు అంటారు. లోకం లెక్క వేరు. 3 నెలలు దాటితే అది నటన. ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందు) మాత్ర వాడుతున్నారని తెలిస్తే నటన కూడా కాదు, వ్యసనం.

ఈ విషయంలో రోగుల తీరు ఏమీ బాగాలేదు. నొప్పి సున్నా నుంచి 10 లోపు ఎంత అని డాక్టర్ అడిగితే కొందరు మొహమాటం లేకుండా 9 అంటారు. మాత్రల కోసమే కదా! పోనీ 4 అన్నారనుకోండి, ఆ మాత్రం దానికి మందెందుకు? సరైన అంకె ఒకటి ఉంది గానీ బయటపెడితే అందరూ నేర్చేసుకుంటారు. తల దువ్వుకుని వస్తే నొప్పి లేనట్టు, దువ్వుకోకుండా వస్తే మత్తులో ఉన్నట్టు. మందు పేరు, డోసు తడుముకోకుండా చెప్పేవాళ్లను అసలు నమ్మకూడదు. (షుగర్ ఉన్నాయన ఇన్సులిన్ యూనిట్లు గడగడా చెబితే మాత్రం ‘ఎంత అవగాహనండీ!’ అని మెచ్చుకోవాలి.)

మందు హఠాత్తుగా ఆపితే వణుకు, చెమటలు రావడం ఒంటికి అలవాటైనందువల్ల. హాని జరుగుతున్నా ఆగలేకపోవడం వ్యసనం. రెండూ ఒకటి కావని నిపుణులు మొత్తుకుంటారు. అంత విడమరిచి చూసే తీరిక ఎవరికుంది?

2016లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ, రోజుకు 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన ఓపియాయిడ్ డోసు దాటకుండా చూడండి, దాటాల్సివస్తే తగిన కారణం ఉండాలి అని డాక్టర్లకు సూచించింది. సూచనను శాసనంగా చదివే ప్రతిభావంతులు ఎక్కడైనా ఉంటారు. ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు కూడా టక్కున కోత పెట్టేశారు. అలా ఆపితే నొప్పి పెరగడమే కాదు, ఆత్మహత్యల దాకా పోవచ్చని 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీ తన సిఫార్సుల్లోంచి ఆ 90నే తీసేసింది. అంకె పెట్టిన వార్త పాకినంత వేగంగా తీసేసిన వార్త పాకలేదు.

ఓపియాయిడ్లేమీ అమృతం కావు. డోసు మించితే ఊపిరే ఆగిపోవచ్చు. నడుము, మోకాలు, తుంటి నొప్పులున్నవారిని ఏడాది పాటు గమనించి 2018లో ప్రచురించిన ఒక పరీక్షలో ఇవి ఓపియాయిడ్ కాని మామూలు నొప్పి మందుల కంటే మెరుగ్గా పనిచేయలేదు. అందుకే ఎవరికి ఏది పనికొస్తుందో డాక్టరూ రోగీ కూర్చుని తేల్చుకోవాలట. దానికి బోలెడు టైమ్ పడుతుంది. అనుమానించడానికైతే ఒక చూపు చాలు.

ఐబుప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగి కడుపులో పుండ్లు తెచ్చుకున్నా, కిడ్నీలు పాడుచేసుకున్నా ఎవరూ వేలెత్తి చూపరు. కిడ్నీ పోయినా పరువు దక్కుతుంది. ఇక ఫిజియోథెరపీకి, కౌన్సెలింగ్‌కి వెళ్లమని సలహా ఇవ్వడం మన బాధ్యత. ఆ సిట్టింగులకు బీమా డబ్బులిస్తుందా అని రోగి అడిగితే, ధ్యానం ఉచితమేనని చెప్పి లేచిపోవాలి.